మంచునేల, కార్చిచ్చు, నడిచే మట్టి
పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయి అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఎమ్మెస్ చదువుతోంది. మొన్న వీడియో కాల్‌లో ఊరి బయట ఒక కొండ చూపించింది. చెట్లన్నీ తలో దిక్కుకి ఒరిగి ఉన్నాయి. "కొండ మీద మట్టి మెల్లగా కిందికి నడుస్తోందమ్మా, పాత కార్చిచ్చు వల్ల ఇంకా ఎక్కువైందట" అంది. అంత చలి దేశంలో మంటలేమిటి? మంటకీ మట్టి నడకకీ సంబంధమేమిటి? దాని ఇంటికి ఏమన్నా ప్రమాదమా అని ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఆ మట్టి ఏడాదికి కదిలేది కొన్ని మిల్లీమీటర్లు, తడి బాగా ఉన్నచోట కొన్ని సెంటీమీటర్లు. రాత్రికి రాత్రి ఇల్లు లాక్కుపోయే వ్యవహారం కాదు. ఇంటి సంగతి చివర్లో చెప్తాను. ముందు మట్టి సంగతి.

ఉద్యోగం చేసే రోజుల్లో నేను కొన్ని వేసవులు ఆ ప్రాంతంలోనే ఒక సర్వే బృందంతో తిరిగాను. మా పనిలో సగం గుంతలు తవ్వడమే. ఉత్తరం వైపు వాలులో నల్ల స్ప్రూస్ అనే సూదుల్లాంటి ఆకుల చెట్ల కింద పార పెడితే ముందు పచ్చటి నాచు వస్తుంది. అరచేయి అదిమితే మణికట్టు దాకా దిగిపోతుంది. దాని కింద గోధుమరంగు పీచు, ఆ కింద నల్లగా కుళ్లిన ఆకుమట్టి. ఇదంతా కలిపి జానెడు, ఒక్కోచోట మూరెడు మందం ఉంటుంది. ఆ తర్వాత బూడిదరంగు ఒండ్రు. ఇంకొంచెం దిగేసరికి పార ఠంగుమంటుంది. బయట ఎండకి చొక్కా తడిసిపోతుంటే గుంతలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ గట్టినేల ముక్క ఒకటి పగలగొట్టి వెలుతురుకి పట్టి చూస్తే, ఒండ్రు పొరల మధ్య గోరు మందాన గాజులాంటి మంచు పలకలు వరసగా కనిపిస్తాయి. మట్టి నడక మొదలయ్యేది ఆ పలకల దగ్గరే.

వరసగా రెండేళ్లకు తక్కువ కాకుండా సున్నా డిగ్రీలు దాటని నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు, మనం మంచునేల అనుకుందాం. దాని మీద ఉన్న పైపొర మాత్రం ప్రతి వేసవిలో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు నేల ఉబ్బుతుంది. నీళ్లు మంచు అయితే తొమ్మిది శాతం పెరుగుతాయి కదా, అందుకే ఉబ్బుతుందని పుస్తకాల్లో చదువుకుంటాం. అది చిన్న కారణం. స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త 1930లో చక్కటి ప్రయోగం ప్రచురించాడు. గడ్డకడితే కుంచించుకుపోయే బెంజీన్‌ను నీటికి బదులు మట్టిలో పోసి గడ్డకట్టించాడు. అయినా మట్టి ఉబ్బింది! అంటే గడ్డకడుతున్న చోటికి చుట్టుపక్కల నుంచి ద్రవం పాకి వచ్చి చేరుతోందన్నమాట. మనం చూసిన మంచు పలకలు అలా పెరిగినవే. మరీ సన్నటి బంకమట్టిలో నీరు త్వరగా కదలదు, ముతక ఇసుకకు పైకి లాగే శక్తి ఉండదు. మధ్యరకం ఒండ్రుకి రెండూ ఉన్నాయి. ఫెయిర్‌బ్యాంక్స్ కొండల మీదున్నది సరిగ్గా అదే. మంచుయుగంలో హిమనదాల నుంచి పారిన ఏరుల ఇసుక తిన్నెల మీది నుంచి గాలి మోసుకొచ్చి పోసిన ఒండ్రు.

వాలు మీద ఈ ఉబ్బు నేలకు లంబంగా, అంటే కొంచెం బయటికి వస్తుంది. కరిగినప్పుడు మాత్రం మట్టి నిట్టనిలువుగా కిందికి కూర్చుంటుంది. లేచిన చోటుకీ కూర్చున్న చోటుకీ వెంట్రుకవాసి తేడా. ఏటా అదే జరుగుతుంది. దీనికి తోడు, కరిగిన నీరు కిందికి ఇంకదు, కింద గట్టి మంచునేల ఉంది కాబట్టి. నీళ్లు నిండిన పైపొర పట్టు తప్పి రెండు మూడు డిగ్రీల వాలులో కూడా జారుతుంది. ఈ కదలికకు సోలిఫ్లక్షన్ అని 1906లో పేరు పెట్టింది స్వీడన్ వాడు యోహాన్ గున్నార్ ఆండర్సన్. ఉత్తరాన బేర్ ఐలాండ్‌లోనూ, దక్షిణాన ఫాక్లాండ్ దీవుల్లోనూ కొండవాలులు చూసి రాశాడు.

ఇక మంట. చలి దేశం అనగానే తడి దేశం అనుకుంటాం. ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఏడాదికి పడేది వానా మంచూ కలిపి 300 మిల్లీమీటర్ల లోపే. మన అనంతపురంలో పడేదాంట్లో దాదాపు సగం. జూన్‌లో ఇరవై గంటలకు పైగా పగలు, ఒక్కోరోజు 30 డిగ్రీల ఎండ, ఆపైన పిడుగులు. నల్ల స్ప్రూస్‌కు కొమ్మలు నేల దాకా ఉంటాయి, ఒళ్లంతా జిగురు. కింద ఎండిన నాచు. 2004 వేసవిలో ఒక్క అలాస్కాలోనే దాదాపు 27 లక్షల హెక్టార్లు కాలింది.

మంట ఎంత ఎత్తు లేచిందో పేపర్లో రాస్తారు. నేను మాత్రం నాచు ఎంత లోతు కాలిందో ముందు చూస్తాను. ఎందుకంటే మంచునేలను కాపాడేది ఆ నాచే. వేసవిలో పైన ఎండిపోయి వేడిని లోపలికి పోనివ్వదు. చలికాలం వచ్చేసరికి తడిసి గడ్డకట్టి ఉంటుంది. అప్పుడు లోపలి వేడిని సులువుగా బయటికి వదిలేస్తుంది. అంటే ఏడాది పొడుగునా నేలను చల్లబరిచే పనే చేస్తుంది. అది కాలిపోతే మిగిలేది నల్లటి మసినేల. నీడ లేదు, అడ్డు లేదు, ఎండంతా నేరుగా లోపలికి.

దీని లెక్క మీ అమ్మాయి ఉండే ఊళ్లోనే ఉంది. ఫార్మర్స్ లూప్ రోడ్ పక్కన అమెరికా సైన్యం ఇంజినీర్లు 1946లో మూడు మడులు ఏర్పాటు చేశారు. ఒకటి ముట్టుకోలేదు. రెండోదాంట్లో చెట్లు కొట్టి నాచు వదిలేశారు. మూడోదాంట్లో చెట్లూ నాచూ అన్నీ చెక్కేశారు. 26 ఏళ్ల తర్వాత చూస్తే మొదటి మడిలో మంచునేల చెక్కుచెదరలేదు. రెండోదాంట్లో 4.7 మీటర్ల లోతుకి, మూడోదాంట్లో 6.7 మీటర్ల లోతుకి దిగిపోయింది. అక్కడ మంట పెట్టలేదు, గొడ్డలీ పారా మాత్రమే వాడారు. పెద్ద మంట ఆ రెండు పనులూ ఒక మధ్యాహ్నంలో చేసేస్తుంది.

మంచునేల పైభాగంలో మంచు మామూలుకంటే చాలా ఎక్కువగా పేరుకుని ఉంటుంది. వందల ఏళ్లుగా కింద నుంచీ పైనుంచీ పాకిన నీళ్లన్నీ అక్కడే ఆగి గడ్డకట్టాయి. మంట తర్వాత కరగడం మొదలయ్యేది ఆ పొరతోనే. మట్టి రేణువుల మధ్య ఉన్న చోటుకంటే నీళ్లే ఎక్కువైపోతాయి. రేణువుకీ రేణువుకీ ఆనిక ఉండదు. పట్టుకునే వేళ్లు కూడా చచ్చిపోయి ఉంటాయి. అప్పుడు మామూలు నడక కాస్తా వేగం అందుకుంటుంది. ఒక్కోచోట పైపొర మొత్తం చాపచుట్టుగా ఊడి జారిపోతుంది. 2004 మంటల తర్వాత కెనడా యూకాన్‌లో డాసన్ ఊరి చుట్టుపక్కల ఇలాంటి జారుళ్లు చాలా పడ్డాయి.

అయితే మంట పడిన ప్రతి కొండా పరిగెత్తుతుందని అనుకోవద్దు. మంచునేల మరీ లోతుకి దిగిపోతే నీళ్లు ఇంకే దారి దొరుకుతుంది, పైమట్టి ఆరుతుంది, మంచు పలకలు పుట్టడానికి నీరుండదు, కదలిక నెమ్మదిస్తుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో దక్షిణం వైపు వాలుల్లో అసలు మంచునేలే ఉండదు, అక్కడ బర్చ్ చెట్లు నిటారుగా ఉంటాయి. అదే కొండకి ఉత్తరం వైపు వెళ్తే చెట్లు మీరు చూసినట్టు ఒరిగి ఉంటాయి. ఒకే మంట రెండు వైపులా రెండు రకాలుగా పనిచేస్తుంది.

ఇంటి సంగతి. ఇల్లు అద్దెకు ఇచ్చినవాళ్లని ఒక్క మాట అడగమనండి, కింద పెర్మాఫ్రాస్ట్ ఉందా లేదా అని. ఆ ఊళ్లో అది మామూలు ప్రశ్నే, ఎవరూ ఏమీ అనుకోరు. ఉంటే తలుపులు బిగుసుకుంటున్నాయా, గోడ మూలల్లో పగుళ్లు వస్తున్నాయా గమనించమనండి. అలాంటి నేల మీద చాలా ఇళ్లు నేలకి ఎత్తుగా, సర్దుకునే జాకీల మీద నిలబెడతారు. ఇల్లు కాస్త ఒరిగితే జాకీ తిప్పి సరిచేస్తారు. వేసవిలో అమ్మాయిని మట్టికంటే పొగ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మంచి మాస్కు దగ్గర పెట్టుకోమనండి.

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో జియాలజీ డిగ్రీ రెండో సంవత్సరం. మట్టి అంత మెల్లగా కదులుతుందంటే మన జీవితకాలంలో కనిపించేది ఏమీ ఉండదు. మరి వేల ఏళ్ల కింద చలి ఎంత ఉండేది, మంటలు ఎప్పుడొచ్చాయి, మట్టి ఎంత నడిచింది అని ఎలా చెప్పగలుగుతున్నారు?
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, మంచి ప్రశ్న. ఇందులో ఒక్క దారితో పని జరగదు, మూడు నాలుగు సాక్ష్యాలు కలపాలి.

మొదటిది మట్టి నాలుకలు. నీళ్లు నిండిన పైమట్టి కొండంతటా సమంగా దిగదు. గోడ మీద ఎక్కువగా పూసిన పెయింట్ కారినట్టు నాలుకలు నాలుకలుగా దిగుతుంది. రేచల్ గ్లేడ్, ఆమె సహచరులు 2021లో నార్వే కొండల చిత్రాలు కొలిచి, ఈ పోలిక చూపులోనే కాదు లెక్కల్లోనూ నిలబడుతుందని చూపించారు. నాలుక ముందంచు మెల్లగా పాకుతూ తన ముందున్న గడ్డినేలను తన కిందే పూడ్చేసుకుంటుంది. ముందంచు నుంచి పైకి నాలుక పొడవునా కందకం తవ్వితే అడుగున ఆ పాత గడ్డినేల నల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ గీతలోంచి అంచు దగ్గర ఒక నమూనా, లోపలికి పోయి ఇంకో నమూనా తీసి రేడియోకార్బన్‌తో, అంటే చచ్చిన మొక్కల్లో కాలంతోపాటు తగ్గిపోయే ఒక రకం కార్బన్ ఎంత మిగిలిందో కొలిచి, వయసు కట్టాలి. రెండింటి మధ్య దూరాన్ని వయసుల తేడాతో భాగిస్తే నాలుక ఎంత వేగంతో వచ్చిందో తేలుతుంది. జేమ్స్ బెనెడిక్ట్ కొలరాడో ఎత్తైన కొండల్లో 1960లలోనే ఈ పని ఎంతో ఓపికగా చేశాడు. ఇప్పటి కదలికను కూడా కొలిచాడు. బాగా తడిగా ఉన్నచోట ఏడాదికి 4.3 సెంటీమీటర్ల దాకా వచ్చింది. అసలు పాఠం ఏమిటంటే, నాలుకలు అన్ని శతాబ్దాల్లోనూ ఒకే వేగంతో పాకవు. చలీ తడీ రెండూ కలిసొచ్చిన కాలాల్లో ముందుకొస్తాయి, మిగతా కాలం దాదాపు ఆగిపోతాయి.

జాగ్రత్త ఒకటి. పాత మట్టిలోని కార్బన్ అంతా ఒకే ఏటిది కాదు. అందులో వందల ఏళ్ల ఆకులూ వేళ్లూ కలిసి ఉంటాయి. బొగ్గు ముక్క దొరికితే ఇంకా సంబరపడతాం, కానీ ఆ చెట్టు కాలేనాటికే దానికి నూటయాభై ఏళ్లు ఉండొచ్చు, పైగా బొగ్గు కొండ మీది నుంచి దొర్లి వచ్చి ఉండొచ్చు. అందుకే నేను బొగ్గుకంటే, దొరికితే, ఒక చిన్న కొమ్మ చివరినో ఆకునో నమ్ముతాను. ల్యాబ్‌కి పంపేముందు నమూనాని భూతద్దం కింద పెట్టి గంటసేపు చూడటం అలవాటు చేసుకో.

రెండో సాక్ష్యం చెరువుల అడుగు. చుట్టుపక్కల అడవి కాలినప్పుడల్లా బొగ్గునలుసులు చెరువులో పడి బురద పొరల్లో ఉండిపోతాయి. పుప్పొడి కూడా పడుతుంది కాబట్టి ఏ చెట్లు ఉండేవో తెలుస్తుంది. అలాస్కాలో బ్రూక్స్ పర్వతాల దక్షిణ వైపు చెరువులు చెప్పిన కథ నాకు చాలా ఇష్టం. మంచుయుగం చివర్లో అక్కడ బర్చ్ పొదలు పెరిగి తరచూ కాలేవి. ఆ తర్వాత కొంతకాలం మంటలు పలచబడ్డాయి. సుమారు 5,500 ఏళ్ల కింద వాతావరణం ఇంకా చల్లగా, తడిగా మారింది. మంటలు తగ్గాలి కదా? పెరిగాయి! ఎందుకంటే ఆ చల్లదనంతో పాటు నల్ల స్ప్రూస్ వచ్చింది. వాతావరణం నేరుగా మంట పెట్టదు, ఏ చెట్టు పెరగాలో నిర్ణయిస్తుంది, ఆ చెట్టు మంట తీరు మార్చేస్తుంది. ఆ చెట్టు కిందే నాచు పెరిగింది, నాచు కింద మంచు పేరుకుంది. ఇవాళ మంట తర్వాత కొండ మీద జారే మట్టికి అప్పటి నుంచే రంగం సిద్ధమవుతూ వచ్చింది.

ఇంకా వెనక్కి పోతే మంచుయుగం. అలాస్కా నడిమి భాగం అప్పుడు హిమనదాల కింద లేదు. పొడి గడ్డిమైదానం, మీద మామత్‌లు అనే బొచ్చు ఏనుగులు, బైసన్‌లు అనే అడవిదున్నల్లాంటి జంతువులు. 1979లో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర బంగారం తవ్వేవాళ్లు గడ్డకట్టిన ఒండ్రును నీటిగొట్టంతో కొడుతుంటే చర్మంతో సహా ఒక బైసన్ బయటపడింది. ముప్పై వేల ఏళ్లు దాటిన కళేబరం. చర్మం మీద సింహం గోళ్ల గీతలు. ఎముకల భాస్వరం మట్టిలోని ఇనుముతో కలిసి ఒళ్లంతా నీలంరంగు పొడి పట్టింది, అందుకే దానికి బ్లూ బేబ్ అని పేరు. ఇప్పుడు అలాస్కా విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. మన ప్రశ్నకి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. తవ్వి తీసిన డేల్ గత్రీ చెప్పినదాన్ని బట్టి, అది చలికాలంలో చచ్చి గడ్డకట్టింది, మంచు కరిగే రోజుల్లో కొండ మీది నుంచి దిగిన ఒండ్రు దాన్ని కుళ్లిపోకముందే కప్పేసింది. కొండమట్టి నడక అప్పుడు కూడా ఉందనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు చలి లేని చోట కూడా పాత చలి గుర్తులు ఉంటాయి. ఒరెగాన్ తీరకొండల్లో ఇప్పుడు దట్టమైన తడి అడవి. అక్కడ లిటిల్ లేక్ అనే పాత సరస్సు బురదను జిల్ మార్షల్, జాష్ రోరింగ్ బృందం పరిశీలించి 2015లో ప్రచురించింది. 21,000 ఏళ్ల కింద రాళ్లను మంచు చీల్చిన రోజుల్లో ఆ కొండలు ఇప్పటికంటే రెండున్నర రెట్లు వేగంగా అరిగాయి. కాబట్టి ఒక వాలు మీద మట్టి మందం చూసి ఇవాళ్టి వాన, ఇవాళ్టి చెట్లతో లెక్క కట్టేయకు.

ఆఖరిది దగ్గరి కాలానికి. ఒరిగిన స్ప్రూస్ మళ్లీ నిలువుగా పెరగడానికి కిందివైపు మందమైన, ముదురు రంగు వలయాలు వేస్తుంది. వాటిని లెక్కపెడితే ఏ సంవత్సరం ఒరిగిందో తెలిసిపోతుంది. పక్కనే మంటకి మచ్చపడిన చెట్టు ఉంటే మంట ఏడాది కూడా దొరుకుతుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

ప్రశ్న: భూమి వేడెక్కుతోంది కదా, మంటలు లేని ధ్రువ ప్రాంతాలకి కూడా మంటలు వస్తే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వచ్చేశాయి. 2007 జులైలో అలాస్కా ఉత్తర భాగంలో అనక్తువుక్ నది దగ్గర చెట్లే లేని టండ్రాలో పిడుగు పడి మంట అంటుకుంది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా కాలింది. చెరువుల బురదలో వెతికితే అంతకు ముందు 5,000 ఏళ్లలో అక్కడ అలాంటి మంట ఆనవాలు దొరకలేదు. అంటే ఆ నేల ఐదు వేల ఏళ్లు ఎవరూ ముట్టుకోకుండా మంచు దాచుకుంది. 2009లో, మళ్లీ 2014లో విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తు కొలిచారు. పరిశీలించిన కాలిన భాగంలో 34 శాతం చోట్ల నేల కుంగింది. పక్కనే కాలని నేలలో అది ఒక శాతం కూడా లేదు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టే లెక్క ఇదే. అలవాటుగా కాలే అడవిలో మంట తర్వాత నాచు మళ్లీ పెరుగుతుంది, దశాబ్దాలు పట్టినా మంచునేల చాలాచోట్ల తిరిగి పైకి వస్తుంది. కింద పెద్ద పెద్ద మంచు గోడలున్న టండ్రాలో అవి కరిగి గుంతలు పడ్డాక పాత రూపం రాదు.

ప్రశ్న: సార్, మా పాడేరు కొండల్లో కూడా కొన్ని చెట్లు మొదట్లో వంగి ఉంటాయి. లంబసింగిలో సున్నా డిగ్రీలు అంటారు కదా, మా మట్టి కూడా ఇలాగే నడుస్తోందా? పోడు మంటల ప్రభావం ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: మట్టి నడుస్తుంది, కానీ మంచు వల్ల కాదండీ. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు పడుతుంది గానీ నేల లోపల గడ్డకట్టదు. మీ దగ్గర పని చేసేవి వేళ్లు, చెదలు, ఎలుక బొరియలు, వానకి తడిసి ఎండకి ఆరడం. నల్లరేగడి ఉన్న వాలుల్లో అయితే తడికి ఉబ్బి ఎండకి కుంచించుకుని అచ్చం మంచునేలలాగే వెంట్రుకవాసి చొప్పున దిగుతుంది. పోడు మంట తర్వాత మట్టిని తీసుకుపోయేది మాత్రం ఈ నెమ్మది నడక కాదు, మొదటి పెద్ద వాన. చెట్టు వంగినంత మాత్రాన మట్టి కదిలిందని కూడా చెప్పలేం, వెలుతురు కోసం కూడా వంగుతుంది. మీ పిల్లలతో చూడాలనుకుంటే ఒక వాలు మీద అడ్డంగా తాడు కట్టి, దాని వెంట వరసగా వెదురు మేకులు మూరెడు లోతుకి పాతండి. తాడు రెండు కొసలూ కదలని బండలకి గుర్తు పెట్టుకోండి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తాడు కట్టి ఏ మేకు ఎంత జరిగిందో స్కేలుతో కొలిచి రాయించండి. పశువులు తిరగని వాలు చూసుకోండి, లేకపోతే మేకులు వాటి కాళ్లకి తగిలి కదులుతాయి.